తుపానుకు కూలిన చెట్లను చైన్‌సాతో కోసేటప్పుడు దెబ్బ తగలకుండా ఏం చేయాలి?

ఉద్దానం రైతు (కవిటి మండలం)

అందరికీ నమస్కారం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమైన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పట్లో చెట్లు కోసే మిషన్ ఉన్నవాళ్ళ కోసం రోజుల తరబడి ఎదురుచూశాం, వాళ్ళు అడిగినంత కూలీ ఇచ్చాం. మళ్ళీ ఆ పరిస్థితి రాకూడదని నేనూ మా తమ్ముడూ కలిసి ఒక చైన్‌సా కొన్నాం. అమ్మినవారు స్టార్ట్ చేసి చూపించి, పెట్రోలులో ఎంత ఆయిల్ కలపాలో చెప్పి పంపేశారు. కోత ఎలాగోలా నేర్చుకోగలమనే నమ్మకం ఉంది. కానీ ఈ మిషన్ ఏ క్షణంలో, ఏ కారణంతో మనిషి మీదికి తిరగబడుతుందో ముందుగా తెలుసుకోకుండా తోటలోకి తీసుకువెళ్ళడం నాకు ఇష్టం లేదు. పడిపోయిన కొబ్బరి మానులను, కొమ్మలు విరిగి నేలకు వంగిన జీడిమామిడి చెట్లను కోయడమే మాకు ప్రధానమైన పని. ఈ పని తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సరుగుడు మేస్త్రి (చీరాల)

తమ్ముడూ, కోయడం మొదలుపెట్టక ముందే ఈ ప్రశ్న అడిగినందుకు ముందుగా అభినందనలు. మా దగ్గర పనికి చేరే కుర్రవాళ్ళకు నేను మొదటిరోజు ఇంజన్ స్టార్ట్ చేయనివ్వను. బారు, అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి పలక, దాని కొనను చూపించి, ఆ గుండ్రటి కొనలో పై సగాన్ని గుర్తుపెట్టుకోమంటాను. చైను వేగంగా తిరుగుతున్నప్పుడు ఆ భాగం దేనికి తగిలినా, అది పక్క కొమ్మ కావచ్చు, వెనుక దాగిన మరో దుంగ కావచ్చు, బారు మొత్తం ఒక్కసారిగా పైకి లేచి కోసేవాడి ముఖం వైపో, మెడ వైపో విసురుగా వస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటాం. ఇది కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది కాబట్టి, వచ్చినప్పుడు తప్పుకుందాం అనుకోవడానికి లేదు. అది వచ్చినా మనకు తగలని విధంగా ముందే నిలబడి ఉండాలి.

అందుకోసం ఎడమచేతి బొటనవేలిని ముందు పిడి కిందినుంచి చుట్టి, మిగిలిన వేళ్ళతో కలిపి గట్టిగా పట్టుకోవాలి. చాలామంది బొటనవేలిని కూడా మిగిలిన వేళ్ళతో పాటు పిడి పైనే ఉంచుతారు. అలా పట్టుకుంటే విసురు వచ్చినప్పుడు పిడి చేతిలోంచి జారిపోతుంది. తల, మెడ ఎప్పుడూ బారుకు సూటిగా ఉండకుండా మనిషి కొద్దిగా ఎడమవైపుకు నిలబడాలి. భుజం ఎత్తు దాటి మిషన్‌ను పైకి ఎత్తకూడదు, నిచ్చెన మీద నిలబడి కోయకూడదు, ఒంటిచేత్తో కోయడం అసలే కూడదు. జీడిమామిడిలో కొమ్మలు అడ్డదిడ్డంగా అల్లుకుపోయి ఉంటాయి కనుక, బారు కొన ఎక్కడ ఉందో కంటికి కనబడకపోతే కోత ఆపి, ముందు చిన్న కొమ్మలను కత్తితో నరికి తొలగించుకోవాలి.

పాత చేను (పిఠాపురం)

మేస్త్రి గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెబుతాను. మా ఊళ్ళో ఈ మిషన్లతో కోసేవారు లుంగీ మడిచి కట్టుకుని, కాళ్ళకు హవాయి చెప్పులతో ఏళ్ళ తరబడి పని చేస్తున్నారు. హెల్మెట్లు, ప్రత్యేకమైన ప్యాంట్లు, బూట్లు అంటే ఖర్చు తడిసిమోపెడవుతుంది. పైగా మన ఎండల్లో అంత మందపు బట్ట వేసుకుంటే వడదెబ్బ తగలడం ఖాయం. చిన్న రైతుకు ఇవన్నీ సాధ్యమేనా అన్నది కూడా ఆలోచించాలి.

ష్టుట్‌గార్ట్ తెలుగువాడు

పాత చేను గారూ, ఖర్చు గురించి, ఎండ గురించి మీరన్నది నిజమే. అయినా ప్యాంటు విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. నేను ఉండే జర్మనీలో ప్రభుత్వ అడవిలో వంటచెరకు కోసుకోవాలన్నా సామాన్యుడు ముందుగా చైన్‌సా శిక్షణ పొంది ధ్రువపత్రం చూపించాలి. ఆ శిక్షణలో, ఒకసారి కోతపడిన రక్షణ ప్యాంటును మా చేతికిచ్చి చూడమన్నారు. పై బట్ట రెండు అంగుళాల మేర చినిగి, లోపలి పొరల్లోంచి పొడవాటి తెల్లటి దారాలు పీచుమిఠాయిలా కుప్పగా బయటికి వచ్చి ఉన్నాయి. ఆ దారాలే దాని కీలకం. చైను బట్టను తాకగానే అవి బయటికి లాగబడి, చైనును తిప్పే పళ్ళచక్రంలో చిక్కుకుని, చైనును అక్కడికక్కడే ఆపేస్తాయి. మామూలు జీన్స్ ప్యాంటు ఎంత మందంగా ఉన్నా ఆ పని చేయలేదు.

ఈ ప్యాంట్లకు తరగతులు ఉంటాయి. మొదటి తరగతిది సెకనుకు 20 మీటర్ల చైను వేగాన్ని, రెండవ తరగతిది 24 మీటర్లను, మూడవ తరగతిది 28 మీటర్లను తట్టుకునేలా పరీక్షిస్తారు. ఎండ సమస్యకు కూడా మార్గం ఉంది. పూర్తి ప్యాంటుకు బదులు, మామూలు ప్యాంటు మీద నడుముకు కట్టుకుని కాళ్ళ ముందు భాగాన్ని మాత్రమే కప్పే రక్షణ తొడుగులు దొరుకుతాయి. వెనుక భాగం తెరిచి ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది. తెల్లవారగానే మొదలుపెట్టి ఎండ ముదరక ముందే కోత ఆపేస్తే వడదెబ్బ భయమూ తగ్గుతుంది. అన్నీ ఒకేసారి కొనలేకపోతే, నా దృష్టిలో కాళ్ళ తొడుగు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, ముందు భాగంలో ఉక్కు ఉన్న బూట్లు ముందుగా కొనవలసినవి. చెవులకు రక్షణ కూడా మరవకండి. ఈ ఇంజన్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, దానివల్ల వినికిడి తగ్గడం మెల్లగా, తెలియకుండానే జరుగుతుంది.

సరుగుడు మేస్త్రి (చీరాల)

లుంగీ గురించి నేనూ ఒక మాట కలుపుతాను. దెబ్బ తగలడం ఒక ఎత్తు, వేలాడే బట్ట చైనులో చిక్కుకుని మిషన్‌ను కాలి వైపు లాక్కోవడం మరో ఎత్తు. కండువా, వదులు చొక్కా, మెడలో తాడు, ఇవేవీ ఒంటిమీద వేలాడకూడదు. మా జట్టులో తొడుగు లేనివాడికి మిషన్ ఇవ్వను, కొమ్మలు లాగే పని ఇస్తాను. అంతకు మించి వాదించడం నాకు చేతకాదు.

ఇంజన్ మెకానిక్ (టెక్కలి)

నా దగ్గరికి బాగుచేయించడానికి వచ్చే మిషన్లను బట్టి మూడు విషయాలు చెబుతాను.

మొదటిది చైన్ బ్రేకు. ముందు పిడికి ఎదురుగా నిలువుగా ఉండే ప్లాస్టిక్ కవచాన్ని చాలామంది చేతికి అడ్డుగా పెట్టినదనే అనుకుంటారు. అసలు అదే బ్రేకు మీట. దాన్ని ముందుకు తోస్తే టక్కున పడి, చైను వెంటనే ఆగాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు మిషన్‌ను రెండు చేతులతో పట్టుకుని, పూర్తి వేగం ఇచ్చి, పిడిని వదలకుండానే ఎడమ మణికట్టుతో ఆ కవచాన్ని ముందుకు నెట్టి చూడండి. చైను ఆగకుండా కాసేపు తిరుగుతూనే ఉంటే, లోపలి బ్రేకు పట్టీ అరిగిందని గానీ, పొట్టూ నూనే గడ్డకట్టి పట్టీని పట్టనివ్వడం లేదని గానీ అర్థం. అది బాగయ్యే వరకు ఆ మిషన్ పనికిరాదు. కిక్‌బ్యాక్ విసురుకు ఈ బ్రేకు తనంతట తానే కూడా పడాలి. దాన్ని చూడాలంటే ఇంజన్ ఆపి, బ్రేకు వదిలి, బారును ఒక మొద్దుపైన అర మీటరు ఎత్తున ఉంచి, ముందు పిడి మీది చేయి తీసేసి కొనను మొద్దు మీద పడనివ్వాలి. ఆ అదురుకు కవచం ముందుకు పడితే బ్రేకు సరిగా ఉన్నట్టు. యాక్సిలరేటర్ వదిలిన తర్వాత చైను పూర్తిగా నిలవాలి. నిలవకుండా మెల్లగా తిరుగుతూనే ఉంటే ఐడిల్, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్ తిరిగే వేగం, సరిచేయించుకోవాలి.

రెండవది పదును. మొండి చైనుతో కోసేవాడు బలంకొద్దీ మిషన్‌ను అదుముతాడు. దుంగ తెగిన క్షణంలో ఆ బలమంతా మిషన్‌తో పాటు కాలి మీదికి జారుతుంది. కోతలోంచి రేకుల్లాంటి పొట్టు రాలుతుంటే పదును ఉన్నట్టు, మెత్తని పొడి రాలుతుంటే పోయినట్టు. పడిపోయిన మానుకు మట్టి, ఇసుక అంటుకుని ఉంటాయి కనుక, కోసే చోట ముందుగా కత్తితో గీకి శుభ్రం చేయాలి. చైను ఒక్కసారి నేలను తాకినా పదును పోతుంది. కొబ్బరి మాను బయటి పొర బాగా గట్టిది, అది కూడా పళ్ళను త్వరగా మొండి చేస్తుంది. ఆకురాయి కొలత చైనును బట్టి మారుతుంది. 4 మిల్లీమీటర్లా, 4.8 మిల్లీమీటర్లా అన్నది మీ మిషన్ పుస్తకంలో చూసుకుని, లోపలి నుంచి బయటికి మాత్రమే రుద్దుతూ, అన్ని పళ్ళనూ ఒకే పొడవులో ఉంచాలి. ప్రతి పన్ను ముందూ ఉండే చిన్న బొడిపెను ఇష్టం వచ్చినట్టు అరగదీయవద్దు. అది తగ్గిపోతే పన్ను మోతాదుకు మించి కరుచుకుని కిక్‌బ్యాక్ మరింత తీవ్రంగా వస్తుంది.

మూడవది స్టార్ట్ చేసే పద్ధతి. ఒక చేత్తో మిషన్‌ను గాలిలో కిందికి వదులుతూ మరో చేత్తో తాడు లాగడం చూస్తుంటాం, అది మానేయండి. బ్రేకు వేసి, మిషన్‌ను చదునైన నేల మీద పెట్టి, కుడి పాదం కొనను వెనుక పిడిలో ఉంచి, ఎడమచేత్తో ముందు పిడిని నేలకు అదిమి, కుడిచేత్తో తాడు లాగాలి. వేడి ఇంజన్‌లో పెట్రోలు పోయకూడదు. పెట్రోలు పోసిన చోటికి కనీసం మూడు మీటర్ల దూరం వచ్చాకే స్టార్ట్ చేయాలి. చైనుకు వాడిన ఇంజన్ ఆయిల్ పోసేవారు ఉన్నారు. అది బారును త్వరగా అరగదీస్తుంది, చేతులకూ మంచిది కాదు. కొబ్బరి, జీడిమామిడి మానులకు 22 అంగుళాల బారు అక్కరలేదని కూడా నా అభిప్రాయం. 16 నుంచి 18 అంగుళాల బారు అయితే కొన ఎక్కడ ఉందో మీ అదుపులో ఉంటుంది.

ఉద్దానం రైతు (కవిటి మండలం)

మెకానిక్ గారూ, మీరు చెప్పినట్టే ఈ రోజు బ్రేకు పరీక్షించాం, సరిగానే పడుతోంది. మేస్త్రి గారిని ఒక విషయం అడగాలి. నిలబడి ఉన్న చెట్టు కంటే పడిపోయిన చెట్టును కోయడమే ప్రమాదమని మా ఊళ్ళో ఒక పెద్దాయన అన్నారు. అది నిజమేనా? నిజమైతే దానికి కారణం ఏమిటి?

సరుగుడు మేస్త్రి (చీరాల)

ఆ పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. తుపాను తర్వాత జరిగే కోతల్లో నేను ఎక్కువగా భయపడేది ఇక్కడే. పడిపోయిన మాను కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుందే గానీ, దాని లోపల బరువూ వంపూ కలిసి బిగువు పేరుకుని ఉంటుంది. ఎక్కడ కోస్తే ఆ బిగువు ఎటు విడుదలవుతుందో చూసుకోకుండా చైను పెట్టకూడదు.

ఒక కొబ్బరి మాను రెండు గట్ల మీద వంతెనలా ఆని, మధ్యలో కింద ఖాళీగా ఉందనుకోండి. బరువుకు మధ్యభాగం కిందికి వంగుతుంది. అప్పుడు మాను పైవైపు నొక్కుకుపోయి ఉంటుంది, కిందివైపు సాగి ఉంటుంది. పైనుంచే కోసుకుంటూ పోతే కోత మూసుకుపోయి బారును బిగించేస్తుంది. కాబట్టి నొక్కుకుపోయిన వైపు, అంటే పైన, మందంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ముందు కోసి, మిగిలినది సాగిన వైపు నుంచి, అంటే కిందినుంచి పైకి, మెల్లగా కోయాలి. అదే మాను ఒక చివర మాత్రమే గట్టు మీద ఆని, రెండో చివర గాలిలో ఉంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ కిందివైపు నొక్కుకుపోయి ఉంటుంది, పైవైపు సాగి ఉంటుంది. ముందు కిందినుంచి కొద్దిగా, తర్వాత పైనుంచి కోయాలి. బారు కింది అంచుతో కోస్తే మిషన్ మనల్ని ముందుకు లాగుతుంది, పై అంచుతో కోస్తే మన మీదికి నెడుతుంది. కిందినుంచి పైకి కోసేటప్పుడు ఈ తేడాకు ముందే సిద్ధపడి ఉండాలి. మాను వాలులో ఉంటే ఎప్పుడూ ఎగువ వైపే నిలబడాలి.

వేళ్ళతో సహా లేచిన చెట్టు మరో రకం. మొదలు దగ్గర మాను తెగగానే, మట్టిగడ్డతో నిలబడి ఉన్న ఆ వేళ్ళ భాగం తన బరువుకు గుంతలోకి తిరిగి పడిపోతుంది. ఒక్కోసారి మోడు నిట్టనిలువుగా లేచి నిలబడుతుంది. ఆ గుంతలో గానీ, మట్టిగడ్డ వెనుక గానీ ఎవరూ లేరని మీ కళ్ళతో మీరే చూసుకున్న తర్వాతే కోత మొదలుపెట్టాలి. పిల్లలు ఆ గుంతల్లో ఆడుకుంటూ ఉంటారు కనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

మీ జీడిమామిడిలో అసలు ముప్పు నేలకు వంగిన కొమ్మలది. మరో చెట్టు కింద నొక్కుకుని విల్లులా వంగిన కొమ్మను బయటి వంపు మీద ఒక్కసారిగా కోస్తే అది ముఖం మీదికి కొడుతుంది. దాన్ని లోపలి వంపు వైపు నుంచి, పక్కగా నిలబడి, కొద్దికొద్దిగా గీస్తూ బిగువు తగ్గించుకోవాలి. చేతి మందానికి మించిన వంగిన కొమ్మలను కొత్తవాళ్ళు ముట్టుకోకుండా ఉండటమే మంచిది.

నిలబడి ఉన్న చెట్టును పడగొట్టవలసి వస్తే, చుట్టూ చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో ఎవరూ ఉండకూడదు. చెట్టు పడే దిశకు వెనుకగా, ఏటవాలుగా తప్పుకునే దారిని ముందే శుభ్రం చేసుకోవాలి. పడే వైపు మందంలో నాలుగో వంతు లోతు గాటు పెట్టి, వెనుకనుంచి కోసేటప్పుడు ఆ గాటుకూ ఈ కోతకూ మధ్యలో మందానికి పదో వంతు కట్టెను కోయకుండా కీలులా వదలాలి. ఆ కీలే చెట్టును అదుపులో పడేలా చేస్తుంది. బాగా ఒరిగిన జామాయిల్ చెట్టును మాత్రం మీరు పని నేర్చుకునే మొదటి ఏడాది కోయకండి. వెనుక కోత సగంలో ఉండగానే మాను నిలువునా చీలి పైకి లేచి, కోసేవాడి మీదికి రావచ్చు.

విశ్రాంత లైన్‌మన్ (విజయనగరం)

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన తర్వాత, కరెంటు తీగల మీద పడిన చెట్లను తొలగించే పనిలో నేనూ ఉన్నాను. ఊరంతా చీకటిగా ఉంది కాబట్టి తీగల్లో కరెంటు లేదని జనం అనుకుంటారు. అది నమ్మదగిన లెక్క కాదు. సరఫరా ఏ క్షణంలోనైనా పునరుద్ధరించవచ్చు. అంతేకాక, ఎవరైనా ఇంట్లో జనరేటరును సరైన మార్పిడి స్విచ్ లేకుండా కలిపితే ఆ కరెంటు వెనక్కి ప్రవహించి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా హెచ్చు వోల్టేజీగా తీగల్లోకి చేరుతుంది. పచ్చి చెట్టు గుండా కరెంటు ప్రవహిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తీగ తాకిన చెట్టు దగ్గరికి, నేలమీద పడిన తీగ దగ్గరికి వెళ్ళకుండా కనీసం పది మీటర్ల దూరంలో ఆగిపోయి, 1912కు గానీ, మీ సబ్‌స్టేషన్‌కు గానీ తెలియజేయండి. సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు సరఫరా ఆపినట్టు అనుమతి) తీసుకుని, రెండు వైపులా ఎర్త్ చేసి, మీకు స్వయంగా చెప్పిన తర్వాతే మిషన్ ముట్టుకోవాలి. కరెంటు లేదని తేలిన తర్వాత కూడా మరో ముప్పు ఉంటుంది. చెట్టు బరువుకు లాగబడి ఉన్న తీగ, కొమ్మ తెగగానే పైకి ఎగిరి కొడుతుంది. ఒరిగిన స్తంభం కూడా అప్పుడే విరగవచ్చు. కాబట్టి ఆ కోతను మా సిబ్బందికే వదిలేయండి.

అత్యవసర విభాగం నర్సు (శ్రీకాకుళం)

ఇంతమంది జాగ్రత్తలు చెప్పారు. దెబ్బ తగిలిన తర్వాత మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో నేను చెబుతాను. చైన్‌సా గాయాలు ఎక్కువగా ఎడమకాలి తొడ, మోకాలు, ఎడమచేయి భాగాల్లో చూస్తాం. అది కత్తి గాయం లాంటిది కాదు. చైను కండను కోయడమే కాకుండా తన వెడల్పు మేర చీల్చి తీసుకుపోతుంది, గాయం నిండా రంపపు పొట్టు, నూనె చేరతాయి.

శుభ్రమైన గుడ్డను మడతపెట్టి గాయం మీద అరచేత్తో బలంగా నొక్కాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడవద్దు. గుడ్డ తడిసిపోతే దాని మీదే మరో గుడ్డ వేసి నొక్కుతూనే ఉండాలి. నొక్కినా ఆగకుండా రక్తం చిమ్ముతుంటే, గాయానికి నాలుగు వేళ్ళ పైన, కీలు మీద కాకుండా, రెండు అంగుళాల వెడల్పున్న గుడ్డ పట్టీ కట్టి, అందులో ఒక పుల్ల దూర్చి రక్తం ఆగే వరకు మెలితిప్పి బిగించాలి. బిగించిన సమయం రాసి పెట్టాలి, ఆసుపత్రి చేరే వరకు దాన్ని వదులు చేయకూడదు. సన్నని తాడు, తీగ ఇందుకు పనికిరావు. పసుపు, కాఫీపొడి గాయంలో పోయకండి. వాటిని కడిగి తీయడానికే మాకు విలువైన సమయం పోతుంది. వేలు తెగిపోతే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, ఆ కవరును మంచులో పెట్టి తీసుకురండి. మంచు నేరుగా తగలకూడదు. గాయం చిన్నదైనా ధనుర్వాతం ఇంజెక్షన్ విషయం వైద్యులను అడగండి.

తోటల మధ్య దారులు 108 వాహనానికి అంత సులభంగా దొరకవు. తుపాను తర్వాత ఫోను సిగ్నల్ కూడా ఉండదు. అందుకే కోతకు వెళ్ళే ముందే రోడ్డు మీదికి ఎవరు వెళ్ళి నిలబడాలో, ఏ బండిలో తీసుకువెళ్ళాలో అనుకుని ఉండండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ కోయకండి.

ఉద్దానం రైతు (కవిటి మండలం)

అందరికీ హృదయపూర్వకంగా కృతజ్ఞతలు. కాళ్ళ తొడుగులు రెండు, జాలీ హెల్మెట్లు రెండు ఈ వారమే తెప్పిస్తున్నాం. చివరిగా ఒక్క సందేహం. మొన్నటి ఈదురుగాలికి ఒక కొబ్బరిచెట్టు పూర్తిగా పడకుండా పక్క జీడిమామిడి మీద ఒరిగి ఆగిపోయింది. జీడిమామిడిని కోసేస్తే కొబ్బరి దానంతట అదే పడుతుంది కదా అని మా తమ్ముడు అంటున్నాడు. అలా చేయవచ్చా?

సరుగుడు మేస్త్రి (చీరాల)

చేయకూడదు తమ్ముడూ. ఆనుకున్న చెట్టును కోసేవాడు సరిగ్గా కొబ్బరి పడే చోటే నిలబడి ఉంటాడు, రెండు చెట్లు ఒకేసారి ఎటు వస్తాయో ఎవరూ చెప్పలేరు. కొబ్బరి మానును మొదలు నుంచి ముక్కలుగా కోసుకుంటూ రావడం కూడా అంతే ప్రమాదం. ముందుగా దాని కిందికి మనుషులు, పశువులు వెళ్ళకుండా చుట్టూ తాడు కట్టండి. తర్వాత కొబ్బరి మొదలుకు మంచి ఉక్కు తాడు గానీ గొలుసు గానీ వేసి, చెట్టు ఎత్తుకు మించిన దూరం నుంచి ట్రాక్టరుతో మొదలును మెల్లగా వెనక్కి లాగించండి. కుదుపు ఇవ్వకుండా లాగాలి, తాడు సాగి ఉన్నప్పుడు దాని పక్కన ఎవరూ నిలబడకూడదు. మాను పూర్తిగా నేల మీదికి వచ్చి కదలకుండా ఉన్నాకే మిషన్ బయటికి తీయండి. ట్రాక్టరుకు దారి లేకపోతే నాకు ఇక్కడే సందేశం పెట్టండి. సోంపేట వైపు ఈ పని తెలిసిన జట్టు ఒకటి ఉంది, వారితో మాట్లాడి పంపిస్తాను.